రైటరుగారి పొరపాటు

నూజివీడులో వకీలుగా బతకాలంటే రెండు విద్యలు రావాలి. ఒకటి చట్టం, రెండోది మామిడి. చట్టం కాస్త తక్కువైనా గుమాస్తా సర్దుకొస్తాడు. చిన్న రసానికీ పెద్ద రసానికీ తేడా తెలియని ప్లీడరు గడప మాత్రం ఇక్కడ ఎవరూ తొక్కరు. నేను ఏడేళ్లు నడిపి గెలిచిన దావా ఒకటి ఆ రెండు రసాల మీదే నడిచింది. గెలిచిన దావాల గురించి చెప్పుకోవడం మా వృత్తిలో అందరికీ ఉన్న జబ్బే. దీన్ని మాత్రం ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

ఆగిరిపల్లి వెళ్లే దారిలో ఓ పెద్దాయనకు పదకొండెకరాల మామిడి ఉండేది. మధ్యలో ఒక్క గట్టు. గట్టుకు తూర్పున ఆరెకరాలు పెద్ద రసాలు, పడమట అయిదెకరాలు చిన్న రసాలు. కొడుకులిద్దరు. తూర్పు తోట పెద్దవాడు చూసుకునేవాడు, పడమటి తోట చిన్నవాడు. ఇరవై ఏళ్లుగా అదే ఏర్పాటు. పెద్దవాడికి పెద్ద రసం, చిన్నవాడికి చిన్న రసం అని ఊళ్లో నవ్వుకునేవాళ్లు కూడా. దిగుబడిలో పెద్దది ఓ చెయ్యి ఎక్కువ, రుచిలో చిన్నది ఎక్కువ. పలుచని తోలు, ముచ్చిక తీసి నోట్లో పెట్టుకుంటే టెంక దాకా ఆగబుద్ధి కాదు. అందుకని ఎవరికీ అన్యాయం జరిగిందని అనిపించలేదు.

గొడవ తోట దగ్గర రాలేదు. శుభలేఖ దగ్గర వచ్చింది.

పెద్దవాడి కూతురి పెళ్లి. శుభలేఖ కింద రాకను కోరేవాళ్ల వరసలో చిన్నవాడి పేరు లేదు. మేనమామ పేరుంది, మేనత్త మొగుడి పేరుంది, ఆఖరికి విజయవాడలో ఉండే వేలు విడిచిన బాబాయి పేరు కూడా ఉంది. సొంత తమ్ముడి పేరు లేదు. ప్రెస్సువాడి తప్పన్నాడు పెద్దవాడు. ప్రూఫు చూసింది ఎవరన్నాడు చిన్నవాడు. రెండూ నిజం కావచ్చు, ఒక్కటీ నిజం కాకపోవచ్చు. చిన్నవాడు పెళ్లికి వెళ్లలేదు. అక్కడితో మాటలు ఆగిపోయాయి. ఒక ఏడాదిలో సర్దుకుంటాయని అందరూ అనుకున్నారు. తొమ్మిదేళ్లు గడిచినా సర్దుకోలేదు.

ఆ తొమ్మిదేళ్లూ పెద్దాయనే వాళ్లిద్దరి మధ్య పోస్టాఫీసు. గట్టు మీద, మోటారు కొట్టం పక్కన, ఆయన పడక్కుర్చీ ఒకటి ఉండేది. టేకుకర్ర, గోనెపట్టా. పొద్దున్నే దాంట్లో కూర్చునేవాడు. తూర్పు నుంచి కేక వచ్చేది: "నాన్నా, మోటారు కట్టెయ్యమని చెప్పు." పడమటి నుంచి జవాబు వచ్చేది: "ఇంకో గంట పడుతుందని చెప్పు నాన్నా." ఆ మాట అన్నకు వినపడుతుంది, ఈ మాట తమ్ముడికి వినపడుతుంది. అయినా పెద్దాయన మధ్యలో కూర్చుని రెండు మాటల్నీ అటూ ఇటూ మళ్లీ అప్పజెప్పాలి. అప్పజెప్పకపోతే మోటారు ఆగదు.

ఆయనే ఓ రోజు సబ్ రిజిస్ట్రారాఫీసు ముందు చెట్టు కింద కూర్చునే దస్తావేజు రైటరు దగ్గరికి వెళ్లి వీలునామా రాయించాడు. మూడు కాగితాలు. రైటరుగారి దస్తూరీ చూసి తీరాలి. అచ్చులో పోసినట్టు ఉంటుంది, "క్ష"కు కూడా నడుం వంగదు. రిజిస్టరు కూడా చేయించాడు. వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఇద్దరు సాక్షులుంటే చాలు. కానీ ఆయన జాగ్రత్త మనిషి. ప్రతి కాగితం కిందా సంతకం, మూడో కాగితం మీద షెడ్యూలు కింద రెండు సంతకాలు.

రెండేళ్లకు పోయాడు. పెద్దకర్మ అయ్యాక వీలునామా తీశారు.

మొదటి రెండు కాగితాల్లో చిక్కేమీ లేదు. "నా పెద్ద కుమారుడు చిరకాలంగా స్వయంగా సాగు చేయుచున్న పెద్ద రసాల తోటను, అనగా ఎ షెడ్యూలు ఆస్తిని, నా పెద్ద కుమారుడును, నా చిన్న కుమారుడు సాగు చేయుచున్న చిన్న రసాల తోటను, అనగా బి షెడ్యూలు ఆస్తిని, నా చిన్న కుమారుడును పొందవలసినది." ఎవరి తోట వారికి. మూడో కాగితం తిప్పితే ఎ షెడ్యూలు. అయిదెకరాలు. సర్వే నంబరు పడమటి తోటది. హద్దులు పడమటి తోటవి. దాని కింద బి షెడ్యూలు. ఆరెకరాలు. తూర్పు తోట. ఎ ఉండాల్సిన చోట బి, బి ఉండాల్సిన చోట ఎ. అంతే తేడా.

రెవెన్యూవాళ్లు కవిత్వం చదవరు, సర్వే నంబరు చదువుతారు. దాని ప్రకారం పాసుపుస్తకం రాయాలంటే ఇరవై ఏళ్లుగా పెద్దవాడు పెంచిన చెట్లు తమ్ముడివి, తమ్ముడు పెంచినవి అన్నవి. మూణ్ణెల్లు ఎవరూ ఏమీ అనలేదు. ఆ తర్వాత పెద్దవాడు నా దగ్గరికి వచ్చాడు. నేను తమ్ముడికి నోటీసు రాశాను. మంచి నోటీసు. ఇప్పటికీ దాని నకలు కుర్ర ప్లీడర్లకు నమూనాగా ఇస్తుంటాను. చిన్నవాడు జవాబుగా, నాన్న షెడ్యూల్లో రాసిందే నాకు శాసనం అన్నాడు. దావా పడింది.

వీలునామాలో తప్పు దొర్లితే కోర్టులు ఏం చేస్తాయో ఇక్కడ కొంచెం చెప్పాలి. రాసినాయన బతికుంటే ఆయన్నే అడగొచ్చు. కానీ వీలునామా పని మొదలయ్యేదే ఆయన పోయాక. అందుకే ఈ చట్టం చచ్చినవాడి మనసు కనిపెట్టే విద్య లాంటిది. భారత వారసత్వ చట్టం, 1925. దాంట్లో 74వ సెక్షను నుంచి ఓ పదిహేను సెక్షన్లు, హిందువుల వీలునామాలకూ వర్తించేవి, ఈ తప్పుల గురించే. 1865 నాటి పాత చట్టం నుంచి దిగుమతి అయిన సరుకు. ప్రతి సెక్షను కిందా పిట్టకథలాంటి ఉదాహరణలుంటాయి. నాకు అవంటే భలే ఇష్టం. ఒకాయన "మా అన్న జాన్ రెండో కొడుకు థామస్‌కు" అని రాసి పోతాడు. జాన్‌కు థామస్ అనే కొడుకే లేడు, రెండోవాడి పేరు విలియం. ఆస్తి విలియందే అంటుంది చట్టం. పేరు తప్పినా మనిషి తప్పలేదు కదా. ఇంకొకాయన ఒక కూతురికి "ఐదువందలు" అనీ, రెండో కూతురికి "ఐదువందల రూపాయలు" అనీ రాస్తాడు. మొదటి అమ్మాయికి ఐదువందల ఏమిటి? రూపాయలే. మాట జారిపోతే కోర్టు అందిస్తుంది. "రాంపూర్ జమీందారీ" అని రాశాడు, తీరా అది జమీందారీ కాదు, తాలూకా. అయినా ఆస్తి పోదు. తప్పు వర్ణన కొట్టేసి మిగతాది నిలబెడతారు. ఇది 78వ సెక్షను. మా దావాకు నేను పట్టుకున్న కొమ్మ అదే.

అన్నింటికీ ఇంత దయ ఉండదు. ఒకాయనకు కరోలిన్ అనే అత్త, మేరీ అనే వరసకు చెల్లెలు ఉన్నారు. ఇద్దరికీ తలో వెయ్యి రాసి, ఆ కిందే "పైన చెప్పిన మా అత్త మేరీకి రెండు వేలు" అంటాడు. అత్త మేరీ అని లోకంలో ఎవరూ లేరు. ఆయన మనసులో ఎవరున్నారో చెప్పడానికి సాక్షులు తెస్తామంటే చట్టం ఒప్పుకోదు. ఆ రెండు వేలూ గాల్లో కలిసిపోతాయి. "ఫలానావారికి వెయ్యి" అని పేరు రాయాల్సిన చోట ఖాళీ వదిలేసినా అంతే. కాగితం మీద కనపడుతున్న ఖాళీని బయటి మాటలతో పూడ్చకూడదు. మన కోర్టుహాళ్లలో గంపల్లాంటి పైపంకాల కింద కూర్చుని, ఈ కరోలిన్, మేరీల గురించి గంటల తరబడి వాదించుకుంటుంటే కక్షిదార్లు అయోమయంగా చూస్తుంటారు. మా అత్తల సంగతి ఎప్పుడొస్తుందండీ అన్నట్టు.

ఈ విషయంలో నూజివీడు వాళ్లకు ఇంకో గర్వకారణం ఉంది. వీలునామాల మీద దేశమంతా చెప్పుకునే ప్రివీ కౌన్సిల్ తీర్పు ఒకటి మన జమీందార్లు అప్పారావుల వంశానిదే. జమీ వాటాలకు లొంగుతుందా లేదా అన్న తగువు కూడా 1880 ప్రాంతంలో లండన్ దాకా వెళ్లింది, లొంగుతుందని తేలింది. నేను చెప్పేది ఆ తర్వాతది. 1913. వెంకట నరసింహ అప్పారావు వర్సెస్ పార్థసారథి అప్పారావు. ఓ జమీందారు తన ఇద్దరు భార్యలకూ కలిపి దత్తత తీసుకునే అధికారం ఇచ్చాడు. ఒకావిడ పోయింది. మిగిలిన ఆవిడ ఒక్కతీ దత్తత చేసుకుంది. చెల్లుతుందా? చెల్లదన్నారు లండన్ జడ్జీలు. ఇద్దరికీ కలిపి ఇచ్చిన అధికారం, "ఇద్దరిలో మిగిలినవారికి" అన్న మాట ఆయన రాయలేదు, మేం చేర్చం. ఆ తీర్పులోనే ఉంది ఆ పేరా. వీలునామా రాసినాయన కుర్చీలో కూర్చుని, ఆయన చుట్టూ ఎవరున్నారో, ఏమున్నాయో చూసి, ఆ మాటలతో ఆయన ఏం చెప్పదలిచాడో తెలుసుకోవాలి. అది తెలిశాక ఆయన చెప్పిందే అమలు చెయ్యాలి గానీ సొంతంగా ఒక్క మాటా కలపకూడదు. సుప్రీంకోర్టు 1950లో జ్ఞానాంబాళ్ అమ్మాళ్ కేసులో, 1975లో నవనీత్ లాల్ కేసులో నడిచింది ఈ దారినే. ఢిల్లీలో వల్లించే సూత్రానికి వేరు నూజివీడు మట్టిలో ఉందన్నమాట.

ఆ పేరా మొదటి సగం నేను చదివాను. రెండో సగం ప్రతివాది లాయరు చదివాడు. మా వృత్తిలో ఒకే పేరా ఇద్దరికీ కూడు పెడుతుంది.

వాదన కోసం నేను ఆ కుర్చీని నిజంగానే చూసి వచ్చాను. అన్నదమ్ముల్లో ఎవరూ ఇంటికి తీసుకెళ్లలేదు. గట్టు మీదే ఉంది. గోనెపట్టా చివికింది. అందులో జాగ్రత్తగా కూర్చుని చూశాను. కుడివైపు తల తిప్పితే తూర్పు తోట, ఎడంవైపు తిప్పితే పడమటి తోట. ఇటు చిక్కం కర్రతో పెద్దవాడు కాయ కోయిస్తున్నాడు, అటు చిన్నవాడు. మధ్యలో ఆ కుర్చీ తప్ప ఇద్దరికీ ఉమ్మడి వస్తువు ఇంకేం లేదు. అదంతా చూసి, కోర్టులో మంచి మాట ఒకటి దొరికిందనుకున్నాను. "ఆ కుర్చీలో నేను కూర్చుని చూశాను యువరానర్, ఎవరి తోట వాళ్లకే అన్నట్టు కనిపిస్తుంది" అన్నాను. జడ్జిగారు నవ్వారు. జడ్జి నవ్వాడంటే సగం గెలిచినట్టే.

ప్రతివాది లాయరు మాత్రం ఘటికుడు. "పెద్దాయన చదువుకున్న మనిషి. ఆ మూడో కాగితం మీద ఒకటి కాదు, రెండు సంతకాలు పెట్టాడు. సొంత తోట హద్దులు తెలియకుండా పెడతాడా?" అన్నాడు. ఇబ్బందికరమైన ప్రశ్నే. నేను ఇంగ్లండు ఎత్తుకున్నాను. అక్కడ రాలింగ్స్ దంపతులని ఉండేవాళ్లు. 1999లో ఇద్దరూ ఒకేరకం వీలునామాలు రాయించుకున్నారు, నా తర్వాత నీకు, ఇద్దరి తర్వాత పెంచుకున్న కొడుకులాంటి టెర్రీ మార్లీకి అని. వచ్చిన లాయరు కాగితాలు అటుదిటు ఇటుదటు అందించాడు. భర్త వీలునామా మీద భార్య, భార్య వీలునామా మీద భర్త సంతకాలు పెట్టేశారు. అప్పుడెవరూ చూసుకోలేదు. భార్య పోయినప్పుడు కూడా ఎవరూ గమనించలేదు. 2006లో భర్త పోయాక బయటపడింది. కింది కోర్టులు రెండూ చెల్లదన్నాయి. 2014 జనవరిలో అక్కడి సుప్రీంకోర్టు సరిదిద్ది మార్లీకే ఇచ్చింది. "మొగుడూ పెళ్లాలు ఒకరి వీలునామా మీద ఒకరు సంతకం చేసుకోగా లేనిది, ఎ బదులు బి కింద సంతకం పెట్టడం ఎంత?" అన్నాను. సంతకం పెట్టినంత మాత్రాన చదివినట్టు కాదని, చదివినా కనిపెట్టినట్టు కాదని అరగంట దంచాను.

సాక్ష్యాల్లో రెండు ఘట్టాలు జ్ఞాపకం.

చిన్నవాడు బోనెక్కాడు. "తూర్పు తోట ఇరవై ఏళ్లుగా మీ అన్నగారే సాగు చేస్తున్నారని మీకు తెలుసు?" తెలుసన్నాడు. "అయినా కాగితం అడ్డం పెట్టుకుని కాజెయ్యాలని చూశారు?" అతను కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కాజెయ్యాలని కాదండి. అడుగుతాడేమోనని చూశాను. అడిగితే మర్నాడే రాసిచ్చేవాణ్ణి. మీ నోటీసు వచ్చింది" అన్నాడు. జడ్జిగారు తలెత్తి చూశారు. నేను చటుక్కున లేచి, అది అడిగిన ప్రశ్నకు సమాధానం కాదు, రికార్డులోకి అక్కర్లేదన్నాను. ఎక్కలేదు. వరండాలోకి రాగానే నా కక్షిదారు దగ్గరికొచ్చి, "నేనూ మూణ్ణెల్లు చూశానండీ, వాడే వచ్చి రాసిస్తాడేమోనని" అన్నాడు నెమ్మదిగా. "ఆ మాట పొరపాటున కూడా ఎక్కడా అనకండి" అని గట్టిగా జాగ్రత్త చెప్పాను.

రెండోది రైటరుగారిది. ఆయన ప్రతివాది తరఫు సాక్షి. ముఖ్య విచారణ అఫిడవిట్‌లో ఒక్కటే మాట: "పెద్దాయన ఎలా రాయమంటే అలాగే రాశాను." ఆ మాట నిలబడితే నాకు కష్టం. అడ్డప్రశ్నకు లేచాను. ఆ రోజు ఎన్ని దస్తావేజులు రాశారు? నాలుగో, అయిదో. మంచిరోజు కదా? అవునండి. అప్పటికే కంట్లో శుక్లాలు? ఒక కంట్లో. షెడ్యూళ్లు విడి కాగితం మీద ఉన్నాయి కదా, పైన ఎ, కింద బి వెయ్యబోయి, పైన బి సంగతీ కింద ఎ సంగతీ ఎక్కించేశారు, కాదా? ఆయన మాట్లాడలేదు. నలభై ఏళ్లుగా ఒక్క కొట్టివేత లేకుండా రాసిన మనిషి. ఆ పేరు మీద దెబ్బ కొడుతున్నానని తెలుసు. అయినా వదల్లేదు. అదీ వృత్తే.

ఆయన నా వైపు చూడటం లేదు. నా వెనక బెంచీ వైపు చూస్తున్నాడు. ఆ బెంచీకి ఈ చివర అన్న, ఆ చివర తమ్ముడు. మధ్యలో నలుగురు కూర్చునేంత చోటు. ఆ రోజు కోర్టు కిక్కిరిసి ఉంది, చాలామంది నిలబడే ఉన్నారు. ఆ చోట్లో మాత్రం ఎవరూ కూర్చోలేదు.

"ఈ వీలునామాలో పొరపాటు జరిగిందా, లేదా? ఒక్క ముక్కలో చెప్పండి" అన్నాను గొంతు పెంచి.

"జరిగింది" అన్నాడు.

నేను కూర్చున్నాను. ఇంక అడగకూడదు. గెలిచే జవాబు వచ్చాక ఇంకో ప్రశ్న వేసేవాడు ప్లీడరు కాదని మా సీనియరు చెప్పేవారు.

తీర్పు మాకే వచ్చింది. రైటరు సాక్ష్యం పక్కన పెట్టినా, వీలునామా మొత్తం కలిపి చదివితే చాలన్నారు జడ్జిగారు. ఎవరి సాగులో ఉన్న తోట వారికేనని మొదటి కాగితాలు నొక్కి చెబుతున్నాయి, షెడ్యూళ్ల మీద అక్షరాలు తారుమారు కావడం లేఖక దోషం, తప్పు వర్ణన తీసేసి మిగతాది అమలు చెయ్యాలి. అప్పారావుల కేసు పేరు కూడా తీర్పులోకి ఎక్కింది. దాంట్లో నా మాట కూడా ఉందని ఇంట్లో చెప్పుకున్నాను. తమ్ముడు అప్పీలుకు వెళ్లలేదు.

ఏడు కాపులు పోయాయి ఈలోగా. దావాలో ఉన్న తోటంటే గుత్తదారు సగానికి అడుగుతాడు. మందు కొట్టించే ఉత్సాహం ఎవరికీ ఉండదు. తేనెమంచు పురుగుకు స్టే ఆర్డరు వర్తించదు. అయినా ఆ వేసవిలో పెద్దవాడు నాకు ఓ గంపెడు పెద్ద రసాలు పంపాడు. గడ్డిలో మాగినవి. వరండా అంతా వాసన.

ఓ డజను కాయలు సంచీలో వేసుకుని రైటరుగారి ఇంటికి వెళ్లాను. కొంత అపరాధభావం, కొంత పని. నా వీలునామా రాయించుకుందామని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఆయన అప్పటికి చెట్టు కింద కూర్చోవడం మానేశాడు. కంప్యూటర్లు వచ్చాక దస్తూరీ ఎవడికి కావాలి? రెండో కంటికీ శుక్లాలు తీశారు. నన్ను చూసి లేవబోయాడు, వద్దన్నాను. కాయలు తీసుకుని వాసన చూసి, "తూర్పు తోటవి" అన్నాడు.

"నాదొకటి రాసిపెట్టాలి రైటరుగారూ. ఈసారి ఎ, బీలు జాగ్రత్త" అన్నాను నవ్వుతూ.

ఆయన నవ్వలేదు. లోపలికెళ్లి చిత్తు పుస్తకం ఒకటి తెచ్చాడు. రైటర్లు దస్తావేజు రాసే ముందు చిత్తు రాసి చదివి వినిపిస్తారు. చాలామంది పని అయ్యాక చింపేస్తారు. ఈయన నలభై ఏళ్లవీ దాచాడు. బట్టల కొట్టు దారంతో కట్టిన కట్టలో వెతికి ఒక పేజీ తీసి నా ముందు పెట్టాడు.

పెద్దాయన వీలునామా చిత్తు. ఎ షెడ్యూలు, ఆరెకరాలు, తూర్పు తోట. బి షెడ్యూలు, అయిదెకరాలు, పడమటి తోట. సరిగ్గా ఉంది. దాని మీద పెన్సిలుతో రెండు బాణం గుర్తులు, పైది కిందికి, కిందిది పైకి. అంచున వణుకుతున్న అక్షరాలు: ఇలా మార్చి రాయండి. కింద పొట్టి సంతకం. ఆ సంతకం నాకు తెలుసు. ఏడేళ్లు చూశాను.

"ఇదేమిటి?"

"ఆయన చెప్పిందే రాశానని చెప్పాగా" అన్నాడు. "నేనూ అడిగాను, ఇదేంటండీ తప్పు కదా అని. కాగితం తిన్నగా ఉంటే ఎవడి తోటలో వాడుంటాడు రైటరుగారూ, గట్టు గట్టులాగే ఉంటుంది, నేను పోతే మోటారు కట్టెయ్యమని చెప్పేవాడు కూడా ఉండడు అన్నాడు. తారుమారుగా ఉంటే ఒకడి గడప ఇంకొకడు తొక్కక తప్పదట. మార్పిడి దస్తావేజు రాయించుకోవాలిగా. మీ దగ్గరికే వస్తారు, ఒకే బల్ల మీద కూర్చుని సంతకాలు పెడతారు, అప్పుడు టీ తెప్పించండి అన్నాడు. చెప్పనని చేతిలో చెయ్యి వేయించుకున్నాడు. చెబితే నా కోసం మాట్లాడుకుంటారు, అలా వద్దన్నాడు."

పేజీ తిప్పాడు. మార్పిడి దస్తావేజు చిత్తు. పూర్తిగా రాసి ఉంది. తేదీ దగ్గర ఖాళీ. ఆ మడతలో ఐదువందల నోటు ఒకటి, పాతది, 2016 నవంబరులో రద్దయినవాటిలోది.

"దస్తావేజు కూలి. ముందే ఇచ్చి వెళ్లాడు" అన్నాడు.

"బ్యాంకులో మార్చుకోలేకపోయారా?"

"పని చెయ్యలేదుగా. నాది కాదుగా ఆ డబ్బు."

ఆ నోటు తీసి చూశాను. కొత్తగానే ఉంది. ఎక్కడ పెట్టాలో తెలియక మళ్లీ మడతలోనే పెట్టాను. ఏదో ఒకటి అనాలి కాబట్టి, తోటలైతే పెద్దాయన అనుకున్నట్టే ఎవరివి వాళ్లకు చేరాయి కదా అన్నాను. చేరాయన్నాడు. ఆయన చెయ్యి బల్ల మీద కాయని అటూ ఇటూ దొర్లిస్తోంది. నాకు ఇంకో ప్రశ్న మిగిలి ఉంది. అడగకుండా లేచి వచ్చేస్తే బాగుండేది. మా సీనియరు మాట ఆ ఒక్కరోజూ గుర్తు రాలేదు.

"మరి ఇంత తెలిసి, బోనులో నిలబడి పొరపాటు జరిగిందని ఎందుకన్నారు? ప్రమాణం చేసి అబద్ధం చెప్పారా నాకోసం?"

"అబద్ధం ఎందుకు చెబుతానండీ" అన్నాడు రైటరుగారు. "జరిగింది. ఆ పెద్దాయనా నేనూ కలిసి చేశాం. ఆ ఇద్దరూ మాట్లాడుకుంటారనుకున్నాం."